ఆయిల్ ఇంజను నుంచి జనరేటరు దాకా

ఎడారి మధ్య సైట్లలో ఉండే మనవాళ్లకు జనరేటరు మోత అలవాటైపోయింది. అది మోగుతున్నంతసేపూ నిద్ర పడుతుంది, ఆగితే మెలకువ వస్తుంది. ఏసీ ఆగిన పది నిమిషాలకే రూము పెనంలా కాలిపోతుంది కదా! అరబ్బులు దీన్ని మువల్లిద్ అంటారు. మన ఊళ్లలో దీనికి ఒక తాత ఉండేవాడు, పేరు ఆయిల్ ఇంజను. ఈ వారం ఆ తాత కథ చెప్పుకుందాం. ఇంట్లో జనరేటరు పెట్టించడానికి డబ్బు పంపాలనుకుంటున్న అన్నదమ్ములు మాత్రం చివరిదాకా చదవాలని మా మనవి. ప్రాణాలకు సంబంధించిన సంగతులు మధ్యలో ఉన్నాయి.

తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే కరెంటు పుడుతుందని 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. కానీ ఆ అయస్కాంతాన్ని తిప్పేదెవరు? మొదట ఆవిరి యంత్రాలు తిప్పాయి. బాయిలరు, బొగ్గు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి, ఇదంతా ఇంటికీ పొలానికీ అయ్యే పని కాదు. హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువార్ట్ అనే ఆంగ్లేయుడు 1890లో నూనెతో నడిచే ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. 1892 నుంచి గ్రాంథం పట్టణంలోని హార్న్స్‌బీ కంపెనీ దాన్ని తయారుచేసింది. దాన్ని నడపాలంటే ముందు బ్లో ల్యాంపుతో ఇంజను తలను బాగా వేడెక్కించాలి, ఆ తరువాత చక్రం తిప్పాలి. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ ఇంజను 1897లో నిలదొక్కుకుంది. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడితోనే నూనె అంటుకుంటుంది కాబట్టి దానికి బయటి మంటతో పనిలేదు. అంత పేరు తెచ్చుకున్న డీజిల్ దొర 1913లో ఓడ మీద ఇంగ్లండు వెళ్తూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు. ఆ చావు ఎలా జరిగిందన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు 1900 తరువాతి సంవత్సరాల్లో ఆ ప్రెసిడెన్సీలో ఆయిల్ ఇంజన్లతో బావుల నీళ్లు తోడించే ప్రయోగాలు చేశాడు. ఎద్దులతో మోట తోలడం తప్ప ఇంకో దారి తెలియని రైతుకు అది వింతే. తరువాత ఈ ఇంజన్లు బియ్యం మిల్లుల్లోకి, పిండిమరల్లోకి వచ్చాయి. మనలో కొంచెం వయసు మీరినవాళ్లకు ఆ టుకు టుకు మోత ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. మర ఆడుతోందని ఊరి చివరికి కూడా తెలిసిపోయేది.

ఇంటి వెనక కరెంటు అసలు కథ మాత్రం ఇంగ్లండులోని డర్స్‌లీ అనే చిన్న ఊళ్లో మొదలైంది. అక్కడి లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో ఒక డీజిల్ ఇంజను తెచ్చింది. ఒకే సిలిండరు, రెండు పెద్ద ఫ్లైవీళ్లు, ఐదు హార్స్ పవరు, నిమిషానికి 600 చుట్లు. తరువాత అది ఆరు హార్స్ పవరు, 650 చుట్లకు మారింది. మెల్లగా తిరుగుతుంది కాబట్టి అరుగుదల తక్కువ. తూకం మూడు క్వింటాళ్లకు పైనే. దానికి డైనమో తగిలించి ‘స్టార్టోమాటిక్’ అనే సెట్టు కూడా అమ్మారు. ఇంట్లో మొదటి లైటు స్విచ్చి వేయగానే బ్యాటరీలతో ఇంజను తనంతట తానే లేచేది, చివరి లైటు ఆర్పితే ఆగేది. కంప్యూటర్లు లేని కాలంలో ఇంత తెలివి చూపించారంటే ఆ ఇంజనీర్లకు దండం పెట్టాల్సిందే. అంతకు ముందే, 1916లో, అమెరికాలో రైతుబిడ్డ చార్లెస్ కెటరింగ్ ‘డెల్కో లైట్’ అనే 32 వోల్టుల సెట్టును కరెంటు తీగలు చేరని పల్లె ఇళ్ల కోసం తెచ్చాడు.

మన దేశంలో 1946లో పుణె దగ్గర ఖడ్కీలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. తెలంగాణ, రాయలసీమ బావుల మీద ఆ పేరు తెలియని రైతు లేడు. ఇటు గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో చిన్న చిన్న ఫౌండ్రీలు లిస్టర్ ఇంజనుకు అచ్చం అలాంటి ఇంజన్లే పోతపోయడం మొదలుపెట్టాయి. స్పేర్ పార్టులు ఎక్కడైనా దొరికేవి. ఊళ్లో లేతు మిషను ఉన్న మేస్త్రీ ఎవరైనా వాటిని విప్పి బిగించగలిగేవాడు.

జనరేటరు ‘కట్టడం’ కూడా ఆ మేస్త్రీల చేతిలోనే పెరిగింది. లెక్క చిన్నదే. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు. నాలుగు పోళ్ల ఆల్టర్నేటరు నిమిషానికి 1500 చుట్లు తిరిగితే అంత వస్తుంది. కిర్లోస్కర్ ఐదు హార్స్ పవరు ఇంజన్లలో 1500 చుట్లవి ఉన్నాయి కాబట్టి నేరుగా కప్లింగు వేయవచ్చు. లిస్టర్ రకం 650 చుట్లే కాబట్టి బెల్టు వేయాలి. రెండడుగుల ఫ్లైవీలు మీద బెల్టు వేస్తే ఆల్టర్నేటరుకు సుమారు పదిన్నర అంగుళాల పుల్లీ కావాలి. ఇంజను స్పీడు పదో వంతు తగ్గితే సైకిళ్లు 45కు పడిపోతాయి. అప్పుడు ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, మోటార్లు వేడెక్కుతాయి. ఆరు హార్స్ పవరంటే కాగితం మీద నాలుగున్నర కిలోవాట్లు. నష్టాలన్నీ పోగా మూడు కిలోవాట్లు నమ్మకంగా వస్తే గొప్ప. లిస్టర్ రకం సెట్టు మీద బల్బు వెలుగు ఎందుకు అదిరేదో కూడా ఈ లెక్కే చెబుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకొకసారి పేలుతుంది, అంటే సెకనుకు ఐదుసార్లకు పైగా. ఫ్లైవీలు ఎంత బరువున్నా ఆ కుదుపు కొంత బల్బులో కనబడుతుంది.

అలాంటి సెట్లే టూరింగ్ టాకీసు డేరాల వెనక తిరిగాయి, పెళ్లిపందిళ్లలో సీరియల్ బల్బులు వెలిగించాయి. తరువాత జపాను వాళ్లు వచ్చారు. హోండా 1965లో ‘ఈ 300’ అనే చేతిలో మోసుకుపోయే సెట్టును అమ్మింది. మన దేశంలో 1985లో శ్రీరామ్, హోండా కలిసి కంపెనీ పెట్టాక పెట్రోలుతో లేచి కిరసనాయిలుతో నడిచే చిన్న జనరేటర్లు బజారులో ప్రతి దుకాణం ముందూ కనిపించాయి. సాయంత్రం కోత మొదలైతే వీధి అంతా పొగే.

ఆ పొగే అసలు సంగతి. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. తలనొప్పి, వికారం, మగత, ఆ తరువాత లేవరు. దొంగల భయంతోనో వాన భయంతోనో జనరేటరును లోపలి గదిలో, వరండాలో, మెట్లకింద పెట్టుకున్న ఇళ్లలో కుటుంబాలకు కుటుంబాలే నిద్రలో పోయాయి. కిటికీ తీసి ఉంచినా నమ్మకం లేదు. ఇంటికి దూరంగా, పొగ కిటికీల వైపు రాకుండా ఆరుబయట పెట్టాల్సిందే. వానకు పైన రేకు వేస్తే చాలు, నాలుగు పక్కలా గోడలొద్దు.

రెండోది చేంజోవర్ స్విచ్చి. కొందరు రెండు కొసలా పిన్నులున్న వైరుతో జనరేటరును గోడ సాకెట్‌కు తగిలిస్తారు. అలా చేస్తే ఆ కరెంటు మీటరు దాటి స్తంభమెక్కుతుంది. మన 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మరులో వెనక్కి ఎక్కి పై లైను మీద 11 వేల వోల్టులవుతాయి. లైను చచ్చిందనుకుని పైకెక్కిన లైన్‌మన్ కూడా మనలాగే ఇంటికి పైసలు తెచ్చే మనిషే. చేంజోవర్ స్విచ్చి ఖర్చు జనరేటరు ఖరీదులో చాలా చిన్న భాగం. డబ్బు పంపేటప్పుడు దానికి విడిగా పంపండి, బిగించాక ఫోటో పెట్టమనండి.

ఇక పోషణ. వాడకుండా నెలలు ఉంచిన సెట్టు అవసరానికి లేవదు. నెలకు ఒకటి రెండుసార్లు లోడు వేసి అరగంట నడపాలి. లోడు లేకుండా ఊరికే నడిపితే డీజిల్ ఇంజను పొగగొట్టంలో మసి, జిగురు పేరుకుంటాయి. ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, అప్పుడప్పుడు వదిలేయాలి. డీజిల్ అయిపోయి ఆగితే పైపులో గాలి పడుతుంది, పంపు దగ్గర బోల్టు వదులు చేసి బుడగలు పోయేదాకా కొట్టాలి. ఇంజను బాగానే తిరిగినా బల్బు వెలగకపోతే, ఆల్టర్నేటరులో మిగిలి ఉండే కొద్దిపాటి అయస్కాంతం పోయి ఉండవచ్చు. పాత మేస్త్రీలు బ్యాటరీని ఒక్క క్షణం తాకించి దాన్ని తిరిగి లేపేవారు. అది తెలిసిన చేతులకే వదలాలి.

మనం ఉంటున్న ఈ దేశాలు కూడా అలాగే మొదలయ్యాయి. కువైట్‌లో కరెంటు కథ 1934లో 30 కిలోవాట్ల రెండు జనరేటర్లతో ఆరంభమైంది. ఇప్పుడు ఒక మోస్తరు లేబర్ క్యాంపుకు కూడా అది చాలదు. దుబాయిలో ఎలక్ట్రిసిటీ కంపెనీ 1959లో పుట్టి, 1961లో సరఫరా మొదలుపెట్టింది.

మన దగ్గర కోతలు తగ్గాక, ఇళ్లలో బ్యాటరీ ఇన్వర్టర్లు వచ్చాక ఆయిల్ ఇంజన్లు పాత ఇనుపసామానులోకి పోయాయి. కానీ 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం ఉద్దానాన్ని కొట్టినప్పుడు స్తంభాలు వేలల్లో కూలి, రోజుల తరబడి చీకటి. అప్పుడు తాగునీటి మోటారు ఆడాలన్నా, గల్ఫులో ఉన్న కొడుకుతో మాట్లాడే సెల్లు ఛార్జి కావాలన్నా జనరేటరే గతి.

డర్స్‌లీలో ఆ పాత ఇంజను తయారీ 1987లో ఆగిపోయింది. రాజ్‌కోట్‌లో ఆగలేదు. 2000 తరువాతి సంవత్సరాల్లో అమెరికాలో కొందరు ఆ రాజ్‌కోట్ ఇంజన్లను తెప్పించుకుని, విప్పి, పోతపోసినప్పుడు మిగిలిన ఇసుకను కడిగి, మళ్లీ బిగించి ఇళ్ల వెనక పెట్టుకున్నారు. కెటరింగ్ పుట్టిన దేశానికి మన దగ్గర నుంచి ఇంజను వెళ్లిందన్నమాట.