అశరీరవాక్కు – రోగలిఖితము

మన వాఙ్మయమున అశరీరవాణి అపూర్వవిషయము కాదు. ఆంధ్రమహాభారతమున శకుంతలోపాఖ్యానమందు దుష్యంతుని కొలువులో ఆకాశవాణి పలికినది, సభాసదులెల్లరును వినిరి. ఎల్లరును వినుటచేతనే ఆ వాక్కు సాక్ష్యమైనది. రాజు కుమారుని స్వీకరించినాడు. ఒక్కని చెవికి మాత్రమే సోకిన వాక్కునకు ఇట్టి ప్రామాణ్యము లేదు. విన్నవాని మాట తప్ప దానికి వేఱు సాక్ష్యము లేదు. అట్టి వాక్కును వైద్యుడు కాగితముపై ఎట్లు నిలిపినాడు, దానికి సంకేతసంఖ్య ఎట్లేర్పడినది, ఆ క్రమమున రోగి పలుకునకు ఏమి సంభవించినది అను విషయములను చారిత్రకముగా పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది. ఇందు భాషాశాఖవారికి పని యేమియని శంకింపనక్కఱలేదు. ఈ లిఖితమునకు మూలద్రవ్యము రోగి భాషయే.

చరకసంహిత ఉన్మాదమును ఐదు విధములుగా విభజించి, దోషజములు నాలుగింటికి ఆగంతుకమును చేర్చినది. మెదకు ప్రాంతపు వాడుకలో గాలి సోకుట, పూనకము, చేతబడి, బాణామతి అను మాటలు ప్రసిద్ధములు. ఈ మాటలన్నియు లక్షణమును గాక కారణమును చెప్పుచున్నవి. ‘చెవిలో మాటలు వినబడుచున్నవి’ అనుట లక్షణము. ‘బాణామతి చేసినారు’ అనుట కారణము. కారణము చెప్పగానే కర్త యెవరను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్న నిరపరాధులైన ఇరుగుపొరుగువారి ప్రాణములమీదికి వచ్చిన సందర్భములు ఈ ప్రాంతమున కలవు. కావున లక్షణమును కారణమునుండి వేఱుచేసి వ్రాయుట కేవలము శాస్త్రమర్యాద కాదు, ప్రాణరక్షణోపాయము.

ఐరోపాలో ఈ వేర్పాటును స్థిరపఱచినవాడు ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరోల్. బాహ్యవస్తువు లేకయే కలుగు ఇంద్రియానుభవమును ఆయన ప్రత్యేకముగా నిర్వచించెను. ఆయన మహాగ్రంథము 1838లో వెలువడినది. బ్రిటిషు ఇండియాలో 1912 నాటి ఉన్మత్తుల శాసనము వైద్యుని ధ్రువపత్రమునకు ఒక నమూనాను విధించినది. అందు వైద్యుడు స్వయముగా గమనించిన విషయములు వేఱుగను, ఇతరులు తెలిపినవి వేఱుగను వ్రాయవలెను. ఇతరులు తెలిపినవానిపై మాత్రమే ఆధారపడిన పత్రము, బంధువుల అర్జీపై మనిషిని ఆసుపత్రిలో నిర్బంధించుటకు చాలదు. ఈ విభజనము మెచ్చదగినది. కాని రోగి తాను వినిన వాక్కును గూర్చి చెప్పిన మాట ఏ గడిలో చేరవలెను? వైద్యుడు ఆ వాక్కును వినలేదు. రోగి చెప్పుటను మాత్రమే వినెను. కావున అతడు గమనించినది వాక్కు కాదు, వాక్కును గూర్చిన వాక్యము.

తూప్రాను నాడు నిజాము రాజ్యాంతర్గతము. ఆ శాసనపరిధికి వెలుపలిది. నిజాము రాజ్యపు మానసిక వైద్యాలయము చిరకాలము మరాఠ్వాడాలోని జాల్నాలో ఉండెను. 1950వ దశకమున హైదరాబాదు ఎఱ్ఱగడ్డకు తరలినది. ప్రభుత్వభాష ఉర్దూ. అట్టిచోట తెలుగు రోగి మాట పరభాషలోనికి మాఱియే కాగితమెక్కి యుండునని ఊహించుట అసంగతము కాదు. నేడు తూప్రానునుండి ఎఱ్ఱగడ్డకు రహదారి సుగమము. భాషాదూరము మాత్రము తీఱలేదు. రోగి తెలుగున చెప్పును, లిఖితము ఆంగ్లమున నిలుచును.

ఇందలి నష్టమును ఒక ఉదాహరణముచే గ్రహింపవచ్చును. జర్మను వైద్యుడు కుర్ట్ ష్నైడర్ రోగినిర్ణయమున కొన్ని లక్షణములకు ప్రథమస్థానమిచ్చెను. రోగిని గూర్చి ప్రథమపురుషమున చర్చించుకొను కంఠములు, అతని చేష్టలను వెంటవెంట వర్ణించు కంఠము వానిలోనివి. మన క్రియలో సర్వనామము లేకయే పురుషభేదము తెలియును. ‘లేస్తున్నవ్’ అనిన ఎదుటివానితో పలుకుట. ‘లేస్తుండు’ అనిన అతనిని గూర్చి పలుకుట. ‘లేస్తున్నరు’ అనినచో గౌరవమో బహుత్వమో విచారింపవలెను. ‘మాటలు వినబడుతయట’ అని బంధువు చెప్పినచో, ఆ ‘అట’ యే అది పరోక్షజ్ఞానమని చాటును. 1912 శాసనము రెండు గడులుగా చేసిన భేదమును మన భాష ఒక్క అక్షరద్వయమున నిలుపుకొన్నది. ‘కంఠములు వినుచున్నాడు’ అను మూస ఆంగ్లవాక్యమున ఇవియన్నియు నశించును.

ఇక సంఖ్యల చరిత్ర. 1893లో బెర్తియోఁ కూర్చిన మరణకారణముల పట్టికయే అంతర్జాతీయ రోగవర్గీకరణమునకు మూలము. 1948 నాటి ఆఱవ సవరణమున ప్రపంచ ఆరోగ్యసంస్థ మానసికరోగములకు ప్రత్యేకవిభాగము నేర్పఱచినది. తొమ్మిదవ సవరణమున దృశ్యభ్రాంతి తప్ప తక్కిన ఇంద్రియభ్రాంతులకు 780.1 అను ఒకే సంఖ్య. 1990లో ఆమోదము పొందిన పదవదానిలో శ్రవణభ్రాంతికి ఆర్ 44.0, దృశ్యభ్రాంతికి ఆర్ 44.1 అను సంఖ్యలు కలవు. 2022 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన పదునొకండవదానిలో శ్రవణభ్రాంతి సంఖ్య ఎంబి 27.20.

ఇవి లక్షణసంఖ్యలే కాని రోగసంఖ్యలు కావు. పదవ సవరణమున స్కిజోఫ్రీనియాకు ఎఫ్ 20 వేఱుగా కలదు. శ్రవణభ్రాంతి అట్టి మానసికరోగములో అంతర్భాగమైనపుడు లక్షణసంఖ్యను వాడరాదు. వినికిడి తగ్గిన వృద్ధులకు, ఆప్తవియోగము పొందినవారికి, నిద్ర పట్టు వేళ ఆరోగ్యవంతులకును కంఠములు వినబడుట కలదు. వినబడినదని చెప్పినంతనే రోగసంఖ్య వేయుట తొందరపాటు. లూర్మన్ బృందము అమెరికా, ఘానా, చెన్నైలలో ఒక్కొక్కచోట ఇరువదిమంది రోగులను ప్రశ్నించి 2015లో ఫలితములు ప్రకటించినది. చెన్నైవారిలో పలువురు తమ బంధువుల కంఠములనే వినిరి. అవి ఇంటిపనులు చెప్పి మందలించినవి. సంఖ్య ఒక్కటియే, పలుకులోని లోకము వేఱు.

2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము రోగనిర్ణయము ఈ వర్గీకరణాది అంగీకృత ప్రమాణములను అనుసరింపవలెనని విధించినది. పూర్వము చికిత్స పొందుట మాత్రమే నేటి నిర్ణయమునకు చాలదనియు, రోగికి తన వైద్యలిఖితమును పొందు హక్కు కలదనియు, బీమాలో మానసికరోగమునకు ఇతర రోగములతో సమానస్థానముండవలెననియు చెప్పినది. కావున ఆ సంఖ్య నేడు మందునకే గాక హక్కునకును, ధనమునకును ద్వారము.

తన లిఖితమును చదువు హక్కు పొందిన తూప్రాను రైతుకు అందు తన మాట కనబడవలెను గదా! సంఖ్య ప్రక్కన రోగి పలికిన తెలుగు వాక్యమును అతని మాండలికముననే, ఎవరు చెప్పిరో సూచించుచు నిలుపుట యుక్తము. అట్టి వాక్యములను రోగుల పేళ్ళు లేకుండ, వారి సమ్మతితో సేకరించి, పురుషభేదమును, గౌరవసూచకములను, పరోక్షసూచకములను పరిశీలించు పని మన పరిశోధక విద్యార్థులది. వైద్యునికి వినబడని వాక్కును గూర్చి సాక్ష్యము చెప్పగలది ఆ వాక్యమొక్కటియే.