వాల్ట్ బల్ల మీద మన అరుణ

మా బుక్కపట్నం వైపు తిరునాళ్లలో గడసాము చేసే పిల్లను చూసి చప్పట్లు కొట్టనివాళ్లుండరు. అదే మనింటి అమ్మాయి పల్టీ కొడతానంటే మాత్రం, "కాలో చెయ్యో విరిగితే రేపు నిన్నెవరు చేసుకుంటారే?" అని కేకలేస్తాం. హైదరాబాదులో బుడ్డా నారాయణరెడ్డిగారు అలా అనలేదు. 1995లో పుట్టిన ఆయన కూతురు అరుణ చిన్నప్పుడు కరాటే నేర్చుకునేది. ఆ పిల్ల ఒళ్లు వంగే తీరు గమనించి, 2005లో ఆయనే లాల్‌బహదూర్ స్టేడియంలో జిమ్నాస్టిక్స్‌లో చేర్పించారు.

అరుణకు పట్టుబడింది వాల్ట్. 25 మీటర్ల దారిలో ఉరికొచ్చి, స్ప్రింగు పలక మీద కాళ్లు మోపి ఎగిరి, 1.25 మీటర్ల ఎత్తు బల్ల మీద చేతులానించి, గాలిలో మెలికలు తిరిగి, అవతల రెండు కాళ్ల మీద నిలవాలి. పోపులో ఆవాలు చిటపటమనేంతలో అంతా అయిపోతుంది. తూలి ఒక్క అడుగు వేసినా మార్కులు పోతాయి. మగవాళ్లకు 1896 ఒలింపిక్స్ నుంచే జిమ్నాస్టిక్స్ ఉంటే, ఆడవాళ్లకు 1928లోగానీ చోటివ్వలేదు. ఇంత సుకుమారమైన ఆటకు మనల్ని అన్నాళ్లు దూరం పెట్టడమేమిటో!

2010లో తండ్రి పోయారు. అరుణకప్పుడు పదిహేనేళ్లు కూడా నిండలేదు. చాలా ఇళ్లలో ఆడపిల్ల ఆట ఆగిపోయేది సరిగ్గా అక్కడే. అరుణ సాధన ఆగలేదు.

2016 రియో ఒలింపిక్స్‌లో త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ ఇదే వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచి, పతకం చేతికందక తిరిగొచ్చింది. 2018 ఫిబ్రవరిలో మెల్బోర్న్ ప్రపంచ కప్పు పోటీలో అరుణకు 13.649 పాయింట్లొచ్చాయి. స్లొవేనియా అమ్మాయికి 13.800, ఆస్ట్రేలియా అమ్మాయికి 13.699. రజతం అయిదు వందల వంతుల్లో తప్పిపోయి, కాంస్యం దక్కింది. ప్రపంచ కప్పు జిమ్నాస్టిక్స్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన మొదటి భారతీయురాలు మన తెలుగుపిల్లే! చూసి మురిసేందుకు తండ్రే లేరు.

2019లో మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషనైంది. పరుగెత్తుకొచ్చి దూకేవాళ్లకు మోకాలు పోయిందంటే ఆట పోయినట్లే లెక్క. మళ్లీ నడక నుంచి మొదలుపెట్టిన అరుణ, 2021లో ఈజిప్టు రాజధాని కైరో పోటీల్లో రెండు బంగారు పతకాలు గెలిచింది. ఒకటి ఫ్లోర్‌లో, రెండోది ఆ మోకాలితోనే ఉరికి దూకిన వాల్ట్‌లో.