బొమ్మను వేఱు చేయు విద్య

మా అమ్మమ్మ కాలధర్మము నొందిన పిదప, పటము కట్టించుటకు ఆమె ఛాయాచిత్రమును వెదకితిని. ఆమె ఒక్కతెయే యున్న చిత్రము మా యింట లేదు. బంధువుల పెండ్లినాడు తీసిన గుంపు చిత్రము మాత్రము దొరకినది. దానిని కంప్యూటరులోనికి ఎక్కించి, ఆమె రూపమును వేఱు చేయ బూనితిని. భుజము వఱకు పని సులభముగా సాగినది. అచ్చట నాలుగు చిన్న వ్రేళ్లు అడ్డుపడినవి. వెనుక నిలుచున్న మా అమ్మ, అప్పటికి ఎనిమిదేండ్ల బాలిక, తల్లి భుజముపై చేయి వేసి యుండెను. ఆ వ్రేళ్లు ఎవరి బొమ్మలోనివి? ఈ సందేహమే నన్ను బొమ్మలను కత్తిరించు విద్య యొక్క చరిత్రలోనికి దింపినది.

ఈ విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. 1857లో ఇంగ్లండునందు రేలాండరు అను ఛాయాచిత్రకారుడు ముప్పదికి పైగా నెగటివులను జోడించి ఒక్క పెద్ద చిత్రమును నిర్మించెను. ఒక నెగటివును అచ్చొత్తునపుడు, కాగితములో తక్కిన భాగమునకు వెలుగు సోకకుండ మూత వేయుట ఆయన ఉపాయము. అట్టి మూతనే నేటి చిత్రకారులు మాస్కు అందురు.

సినిమా వచ్చిన తరువాత చిక్కు హెచ్చినది. మనిషి కదలినపుడు మూతయు కదలవలెను గదా! అందుచే నటుని నీలితెర ముందు నిలిపిరి. మనుష్యుని మేనిచాయలో నీలము తక్కువ కావున, ఆ రంగు నాధారము చేసికొని తెరను తొలగించిరి. 1940లో వెలువడిన 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రమున లారీ బట్లరు ఈ పద్ధతిని రంగుల సినిమాలో ప్రయోగించెను. మైసూరు సీమలో జన్మించిన సాబు అందు నటించెను. అయినను వెండ్రుకలు, పొగ, గాజు మొదలగువాని అంచున నీలిచాయ మిగిలిపోవుచుండెను. 1959 నాటి 'బెన్-హర్' చిత్రమునకై పెట్రో వ్లాహోస్ ఈ దోషమును చాలవఱకు తగ్గించు మార్గమును కనిపెట్టెను.

దోషమునకు మూలమేమి? కత్తెరకు లోపల, వెలుపల అను రెండే తెలియును. వెండ్రుక అంచునకు ఆ రెండును చాలవు. 1977 ప్రాంతమున అమెరికాలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ అనువారు దీనికి పరిష్కారము చూపిరి. కంప్యూటరు బొమ్మ చిన్న చిన్న బిందువుల కూర్పు. ప్రతి బిందువునకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు అంకెలుండును. వారు నాల్గవ అంకెను చేర్చి, దానికి ఆల్ఫా అని పేరిడిరి. అది సున్న యైన బిందువు కనబడదు, ఒకటి యైన పూర్తిగా కనబడును, 0.3 యైన మూడుపాళ్లు వెండ్రుక, ఏడుపాళ్లు వెనుకటి దృశ్యము. 1984లో పోర్టరు, డఫ్ అనువారు ఇట్టి బొమ్మలను ఒకదానిపై నొకటి పేర్చు గణితమును ప్రకటించిరి. అంచు ఇరువురిదియు నని ఒప్పుకొన్న పిదపనే కత్తిరింపు చక్కబడినదని నా యభిప్రాయము.

1990లో నోల్ సోదరులు రచించిన ఫోటోషాపు అంగడిలోనికి వచ్చెను. 1995లో మోర్టెన్‌సెన్, బారెట్ అనువారు, మౌసు కదలినకొలది దానంతట అంచును పట్టుకొను కత్తెరను వర్ణించిరి. 2004లో వచ్చిన గ్రాబ్‌కట్ పద్ధతికి బొమ్మ చుట్టు ఒక చదరపు గీత గీసిన చాలును. నేడు యంత్రము ఱెప్పపాటులో ఈ పని చేయుచున్నది.

పని సులభమైన కొలది జాగ్రత్తయు హెచ్చవలెను. మాస్కో కాలువ గట్టున స్టాలిను ప్రక్కన నడచిన యెజోవ్ అను నధికారి 1940లో మరణదండన పొందెను. తరువాతి ప్రతులలో అతడు లేడు. అతడున్న చోట నీరే కనబడును. ఆ పని కంప్యూటరు లేని నాడే జరిగినది.

మా యింట పెద్దలు కొందరు, బ్రతికియున్నవారి చేయి పోయినవారి పటములో నుండరాదనిరి. చీర రంగు పూసి ఆ వ్రేళ్లను తుడిచి చూచితిని. ఎవరును గుర్తింపలేనంత చక్కగా వచ్చినది. అది చూచి నాకే భయము కలిగినది. మా అమ్మ నడిగితిని. "నా చేయి అక్కడే యుండనీ" అని యామె పలికినది. ఆ వ్రేళ్లు నేటికిని మా యింటి పటములో నున్నవి. కత్తిరింపని మూలచిత్రమును, వెనుక అందఱి పేర్లు వ్రాసి, పెట్టెలో భద్రపఱచితిని.