అఖండం: ఒక ఏరు, ఒక దీపం

పత్రికలలో ‘అఖండ విజయం’, ‘అఖండ స్వాగతం’ అన్న మాటలు కోకొల్లలు. 2021లో వచ్చిన చలనచిత్రంతో అది కథానాయకుని పేరు కూడా అయింది. తరగతిలో ఈ పదానికి అర్థం అడిగినప్పుడెల్లా నాకు ‘చాలా పెద్దది’ అన్న సమాధానమే వచ్చేది. అది వాడుకలో స్థిరపడిన అర్థమే, కాదనను. కానీ మూలార్థం వేరు.

ఖండమంటే ముక్క. ఖండము లేనిది అఖండము. పరిమాణంతో దానికి నిమిత్తం లేదు. అక్షతల సంగతీ ఇంతే. క్షతి లేనివి, అంటే విరగనివి అక్షతలు. అందుకే పసుపు కలిపే ముందు మా ఇళ్లలో నూకలు ఏరివేస్తారు. చిన్న బియ్యపు గింజకు కూడా అఖండత్వం ఉన్నదన్నమాట.

ఈ మూలార్థాన్ని మా గోదావరి సీమ జనవ్యవహారంలో చక్కగా నిలుపుకొన్నది. ధవళేశ్వరం వద్ద గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలవుతుంది. దిగువన వసిష్ఠ నుండి వైనతేయ విడివడుతుంది. అమలాపురం వైనతేయకు ఈవల, రాజోలు ఆవల. చీలికకు ముందున్న నదినే ‘అఖండ గోదావరి’ అంటారు. ఇక్కడ అఖండ అంటే గొప్ప అని కాదు. ఇంకా పంపకాలు కాని ఉమ్మడి ఆస్తి వంటిదని. రాజమహేంద్రవరంలో 2025లో శంకుస్థాపన జరిగిన పర్యాటక పథకానికీ ఈ పేరే పెట్టారు. చిత్రమేమంటే, ఆ అఖండం ఖండమైతేనే కోనసీమ పుట్టింది. పాయల నడుమ పేరుకున్న ఒండ్రే మా నేల.

ఏటి అఖండత్వం స్థలానికి సంబంధించినది. దీపానిది కాలానికి సంబంధించినది. ఆరకుండా వెలిగే దీపాన్ని మనవాళ్లు ఉత్త ‘అఖండం’ అనే పిలుస్తారు. అది ఆరిందని నోట అనలేక ‘కొండెక్కింది’ అంటారు. గౌతమికి ఆవలనున్న ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలలో అఖండ దీపదానాలు కొల్లలుగా కనిపిస్తాయి. దాత దీపానికి పశువులనో గొర్రెలనో ఇచ్చేవాడు. వాటిని మేపే బోయలు కొలత ప్రకారం నెయ్యి పోయాలి. మంద పిల్లలు పెట్టి తనను తాను నింపుకొంటుంది గనుక దీపానికి లోటు రాదు. తమిళ శాసనాలు ఇటువంటి గొర్రెలను చావూ ముసలితనమూ లేనివని పేర్కొంటాయి. ప్రతి గొర్రె చస్తుంది, మంద చావదు. ‘ఆచంద్రార్కం’ అని రాయి మీద చెక్కించినది దాత; దానిని నిజం చేసినది మాత్రం రోజూ మందను తోలుకొని వెళ్లిన కాపరి.

నీటికీ ఇదే న్యాయం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కాలువ నీరు నగరం లంకకు చేరాలంటే గన్నవరం వద్ద వైనతేయ అడ్డం. కనుక నది మీదుగా కాలువను దాటించారు. తరువాత కట్టిన కొత్త అక్విడక్టుకు ఆ ప్రాంతపు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఎంత ఉచితమైన పేరు! వేళాపాళా చూడకుండా వచ్చినవారికి అన్నం పెట్టిన ఆ ఇల్లాలి పొయ్యి కూడా ఒక అఖండమే కదా.

అఖండమంటే విరగకుండా దానంతటది నిలిచినది అనుకొంటాము. శాసనాలు, కాలువలు చెప్పేది వేరు: అది రోజూ ఎవరో నిలబెడితేనే నిలుస్తుంది. కాలువకు పూడిక తీయాలి, దీపానికి నెయ్యి పోయాలి. అఖండాన్ని ‘పెద్దది’గా మాత్రమే వాడితే మనం పోగొట్టుకొనేది ఒక నిఘంటు అర్థం మాత్రమే కాదు, ‘దీన్ని నిలుపుతున్న చేయి ఎవరిది?’ అన్న ప్రశ్న కూడా.

మీ సీమలలో ఈ మాట ఇంకే అర్థంలో బ్రతికి ఉన్నదో తెలిసినవారు తెలుపగలరు.