తెలుగు చలనచిత్రాలలో ఘటోత్కచుడు

ఘటోత్కచుడు మహాభారతంలో భీమసేనునికి, హిడింబకు జన్మించిన వీరుడు. తెలుగు చలనచిత్రాలలో ఈ పాత్ర పిల్లలను నవ్వించే మంచి రాక్షసునిగా, ఇంటిల్లిపాదీ చూసే హాస్య అద్భుత కథలకు నాయకునిగా స్థిరపడింది. 1957లో వచ్చిన మాయాబజార్, 1995లో వచ్చిన ఘటోత్కచుడు ఈ కోవలో ముఖ్యమైనవి.

పురాణంలో, జానపదంలో

కుండ వంటి తల, దానిపై వెంట్రుకలు లేకపోవడం వలన ఇతనికి ఈ పేరు వచ్చిందని ఆదిపర్వం చెబుతుంది. వ్యాసభారతంలో ఇతని కథ విషాదాంతం. పద్నాలుగవ నాటి రాత్రి యుద్ధంలో, అర్జునుని కోసం దాచుకున్న ఇంద్రదత్తమైన శక్తిని కర్ణుడు ఇతనిపై ప్రయోగించవలసి వచ్చింది. కూలిపోతూ కూడా శరీరాన్ని పెంచి కౌరవసేనపై పడ్డాడు. పాండవులు దుఃఖిస్తుండగా, అర్జునునికి గండం తప్పినందుకు శ్రీకృష్ణుడు సంతోషించాడు.

అభిమన్యునితో శశిరేఖ వివాహం వ్యాసభారతంలో లేదు. అది జానపద కథగా వ్యాపించి నాటకంగా ప్రసిద్ధి చెందింది. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలు మాయాబజార్‌ను రంగస్థల మాయలతో ప్రదర్శించి ఊరూరా పేరు తెచ్చుకున్నాయి. 1936లో పి.వి.దాసు దర్శకత్వంలో ఈ కథ తెలుగులో తొలిసారి చలనచిత్రమైంది.

మాయాబజార్ (1957)

విజయా సంస్థ నిర్మించిన ఈ చిత్రం 1957 మార్చి 27న విడుదలైంది. దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. తమిళంలో కూడా ఏకకాలంలో నిర్మించారు. రెండు భాషలలోనూ ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావే.

ఇందులోని రాక్షసుడు ముందుగా ఒక ఇంటి బిడ్డ. తన అడవిలోకి వచ్చిన రథాన్ని అడ్డగించి అభిమన్యునితో పోరాడతాడు. వచ్చినవారు పినతల్లి సుభద్ర, తమ్ముడు అని తెలియగానే గద దించి క్షమాపణ వేడుకుంటాడు. హిడింబగా సూర్యకాంతం ఆ అతిథులను ఆదరిస్తుంది. కొడుకు యుద్ధానికి పోతానంటే ఆపగలిగేది ఆ తల్లి మాట ఒక్కటే. భయంకరాకారుడు తల్లి ముందు ఒదిగి నిలబడటం చూసిన పిల్లలకు అతడంటే భయం పోవడంలో వింత లేదు.

పింగళి ఇతని పరివారానికి ప్రత్యేకమైన పలుకుబడి కల్పించాడు. లంబు, జంబులకు అస్మదీయులు "అసమదీయులు" అవుతారు, శత్రువులు "తసమదీయులు" అవుతారు. బహుమతిగా వీరతాడు వేస్తారు. కంబళికి తోడుగా "గింబళి", తల్పానికి తోడుగా "గిల్పం" పుట్టాయి. ఈ మాటలు తెర దిగి తెలుగువారి వాడుకలో కలిసిపోయాయి.

చిత్రంలో అత్యంత కష్టమైన ఘటోత్కచ పాత్ర నిజానికి సావిత్రిది అనాలి. నిద్రిస్తున్న శశిరేఖను పాన్పుతో సహా తరలించి, ఘటోత్కచుడు ఆమె రూపంలో ద్వారకలో ప్రవేశిస్తాడు. అక్కడి నుండి సావిత్రి ఆడపిల్ల దేహంలో ఉన్న మగరాక్షసునిగా నటించింది. పెళ్లికొడుకు లక్ష్మణకుమారుని (రేలంగి) కాలు తొక్కి హడలగొట్టే సన్నివేశం ఇందుకు ఉదాహరణ. పెళ్లివంటలను ఘటోత్కచుడు ఒక్కడే ఆరగించే ఘట్టంలో లడ్డూలు వాటంతటవే నోటిలోకి ఎగురుతాయి. ఆ పాట రంగారావుకు మాధవపెద్ది సత్యం పాడాడు.

కథ పెళ్లితో ముగుస్తుంది. కురుక్షేత్రం ఇంకా రాలేదు. భారతం ఈ బిడ్డకు ఇవ్వని బంధువుల నడుమ సంబరం ఇక్కడ దక్కింది. 2010లో రంగులద్దిన ప్రతి విడుదలైంది.

ఘటోత్కచుడు (1995)

యముణ్ణి భూలోకానికి దించి యమలీల (1994) తీసిన ఎస్.వి.కృష్ణారెడ్డి, మరుసటి సంవత్సరం ఘటోత్కచుణ్ణి దించాడు. రెండింటిలోనూ కథానాయకుడు అలీ. యముడు, ఘటోత్కచుడు కైకాల సత్యనారాయణ. కథానాయిక రోజా. మాయాబజార్ వదిలేసిన చోటు నుండే ఈ కథ మొదలవుతుంది: యుద్ధభూమిలో కొన ఊపిరితో ఉన్న ఘటోత్కచునికి ఒక చిన్నారి దాహం తీరుస్తుంది. ఆ ఋణం తీర్చుకోవడానికి అతడు కలియుగంలో ఆపదలో ఉన్న పాపను కాపాడటానికి వస్తాడు. చిత్రంలో ఆధునిక హంగులు ఎక్కువైనా, ఆ దాహం ఘట్టమే మనసులో మిగులుతుంది.

ఇతర విశేషాలు

మాయాబజార్‌కు సహాయ దర్శకునిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, అర్ధ శతాబ్దం తరువాత 2008లో ఘటోత్కచుని బాల్యంపై యానిమేషన్ చిత్రానికి దర్శకత్వం వహించాడు. ఇండోనేషియాలోని జావా తోలుబొమ్మలాటలో ఇతడు "గతోత్‌కాచ" పేరుతో ఆకాశంలో ఎగిరే వీరుడు. ఆ దేశంలో 2022లో ఇతని పేరిట ఒక చలనచిత్రం కూడా వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలిలో హిడింబాదేవికి ఆలయం ఉంది.