కరివేపాకు చుట్టరికం వేపతోనా, నిమ్మతోనా?

అవసరం తీరాక పక్కన పెట్టేసిన మనిషిని "కూరలో కరివేపాకు" అంటాం కదా! ఆ ఆకు పేరు వెనక మాత్రం తీసి పారేయలేని చరిత్ర ఉంది. ఈ పూట ఆ కబుర్లు చెప్పుకుందాం.

మన ఊళ్ళలో కరివేపాకు పెరట్లో ఎప్పుడూ పచ్చగా ఉండే మొక్క. ఇక్కడ షామ్‌బర్గ్ చలికి ఆరుబయట బతకదు కనుక, చలి మొదలయ్యేసరికి కుండీలన్నీ ఇంట్లోకి వచ్చేస్తాయి.

పేరు పెట్టినవాళ్ళు రెమ్మను చూసి వేపను తలుచుకున్నారు. మనకు కరివేపాకు, తమిళంలో కరివేప్పిలై, కన్నడంలో కరిబేవు, హిందీలో మీఠా నీమ్, సంస్కృతంలో కృష్ణనింబ. అన్ని భాషలూ ఇది వేపకు చుట్టమనే అన్నాయి.

యూరప్ శాస్త్రజ్ఞులు పువ్వునూ కాయనూ చూశారు. లిన్నేయస్ 1771లో దీనికి "బెర్గెరా కోనిగీ" అని పేరు పెట్టాడు. 1825లో స్ప్రెంగెల్ దాన్ని "ముర్రయా కోనిగీ" అన్నాడు. ఇటీవల జన్యు పరిశీలనల తర్వాత చాలామంది మళ్ళీ బెర్గెరాకే వచ్చారు. ముందు మాట ఎన్నిసార్లు మారినా కోనిగీ మాత్రం చెక్కుచెదరలేదు.

ఎవరీ కోనిగ్? యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ లిన్నేయస్ శిష్యుడు. తమిళ తీరంలో డెన్మార్క్ వారి చేతిలో ఉన్న తరంగంబాడికి 1768లో వైద్యుడిగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, ఆపైన ఈస్టిండియా కంపెనీలో పనిచేశాడు. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన మిత్రుడు విలియం రాక్స్‌బరో అప్పట్లో పక్కనే సామర్లకోటలో ఉండేవాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద రాక్స్‌బరో రాసిన పుస్తకం 1795 నుంచి వెలువడింది. అందులో బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. లాటిన్ పేర్లతో పాటు ఆయన తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. అంటే చెట్టు పేరు చెప్పిన మన ఊరివాళ్ళు కూడా ఆ శాస్త్రంలో భాగస్థులే.

సరే, చుట్టరికం సంగతి. శాస్త్రం ప్రకారం కరివేపాకు వేప కుటుంబం కాదు. నిమ్మ, నారింజ, మారేడు ఉన్న కుటుంబం. ఇది పుస్తకాల మాటే కాదు, మన సూట్‌కేసు దాకా వచ్చే మాట. నిమ్మజాతి తోటలను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడింది. అమ్మ కాగితంలో చుట్టి ఇచ్చిన పచ్చి రెమ్మలను విమానాశ్రయంలో తీసేసుకునేది అందుకే. ఒక్క కొమ్మతో ఒక తోటే పోవచ్చు. కాబట్టి ఇండియా నుంచి ఆకు గానీ మొక్క గానీ తేకండి. ఇక్కడి నర్సరీల్లోనే కొనుక్కోండి.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. "కర్రీ ప్లాంట్" అని చీటీ ఉన్న మొక్క మన కరివేపాకు కాదు. అది మధ్యధరా ప్రాంతపు హెలిక్రైజమ్. సన్నటి వెండిరంగు ఆకులు, పసుపు పూలు. పొద్దుతిరుగుడు కుటుంబం. కర్రీ వాసన వస్తుంది గానీ మన తాలింపుకు పనికిరాదు. చీటీ మీద "కోనిగీ" ఉందో లేదో చూసుకోండి.

పిల్లలకు రెండు పేర్లూ నేర్పండి. కోనిగీ అంటే కొట్లో మోసపోరు, కరివేపాకు అంటే అమ్మమ్మతో మాట్లాడగలరు. ఉంటాను మరి, సెలవు.