చెక్క పడవల మరమ్మతు, సంరక్షణ

కృష్ణా పశ్చిమ డెల్టాలోని కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువను కలుస్తుంది కాబట్టి, ఒకప్పుడు ధాన్యం, ఉప్పు, కట్టెలు నింపుకున్న చెక్క పడవలు ఆ దారిలో మద్రాసు వరకు సాగేవి. ఈ మార్గం పాత పడవకు రెండు విధాల శత్రువే. డెల్టా మంచినీటిలో, ముఖ్యంగా వాననీరు నిలిచే అడుగుభాగంలో, బూజు చెక్కను కుళ్లబెడుతుంది. పెదగంజాం దిగువన ఉప్పునీటిలో టెరెడో, అంటే చెక్కను తొలిచే ఆల్చిప్ప జాతి జీవి, గుండుసూది మొనంత రంధ్రంతో ప్రవేశించి లోపల వేలిలావు సొరంగాలు చేస్తుంది. పైకి నున్నగా కనిపించే పలకను సుత్తితో తడితే బోలుగా మోగినప్పుడే తెగులు బయటపడుతుంది.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఒడ్డెక్కిన పడవ మరమ్మతుకు అందుతుంది గానీ, ఎండకు చెక్క కుంచించుకుపోయి అతుకులు విచ్చుకుంటాయి. ఆ సందుల్లో దూదిని లేదా నారను ఉలితో కూరి, గుగ్గిలం పొడిని నూనెతో కాచిన ముద్దను పైన మెత్తుతారు. దూది మరీ బిగిస్తే, నీటిలో చెక్క ఉబ్బినప్పుడు పలకలే చిట్లుతాయి. ఆ కొలత చేతికి తెలియవలసిందే. తుప్పుపట్టిన ఇనుప మేకులు చుట్టూ ఉన్న కలపను నల్లబరచి బలహీనపరుస్తాయి గనుక, పలక మార్చకుండా మేకు మాత్రమే మార్చితే చాలదు.